జీవాలు పంచేముందు వాటిని చూసుకునే మనిషిని తయారుచేయండి: పశుపోషణ పథకాలు రాసే పెద్దలకి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పల్లెల్లో బతుకుతెరువు కోసం గొర్రెలు, మేకలు, పాడి పశువులు, కోళ్ళు పంచే పథకాలు తయారుచేసే ప్రభుత్వ శాఖల వాళ్ళకి, వాటికి డబ్బులిచ్చే సంస్థలకి, ఊళ్ళల్లో తిరిగి పనిచేసే స్వచ్ఛంద సంస్థలకి అందరికీ కలిపి ఈ లెటర్ రాస్తున్నాను. నేను పశువుల డాక్టర్ని కాదు. ట్రైనింగ్ తీసుకుని ఊళ్ళో జీవాలకి టీకాలు వేస్తాను, నట్టల మందు తాగిస్తాను, చిన్న చిన్న జబ్బులు చూస్తాను, నా వల్ల కాదనిపిస్తే వెంటనే డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను, అంతే నా పని. కానీ ఆ పని చేస్తూ చేస్తూ చూసిన సంగతులు కొన్ని మీ మీటింగుల్లోకి రావట్లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు నా ట్రైనింగ్ కంటే ముందు జరిగింది చెప్తాను. మాకో చూడి మేక ఉండేది, ఈనడానికి ఇంకా మూడు వారాలుంది. ఒకరోజు లేత పచ్చిమేత ఎక్కువ తినేసి సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయింది, ఎడమ డొక్క డప్పులా బిగుసుకుపోయింది, పళ్ళు కొరుకుతోంది, కాలితో పొట్టకేసి తన్నుకుంటోంది. ఉబ్బరానికి నూనె పట్టాలని మాకందరికీ తెలుసు, నాకూ తెలుసు. పక్కకి పడుకోబెట్టి, నాలుక బయటికి లాగి పట్టుకుని, తల బాగా పైకెత్తి సీసాతో గడగడా పోసేశాను. అది దగ్గింది. దగ్గుతుంటే మందు లోపలికి దిగుతోంది కాబోలు అనుకుని మిగతాది కూడా పోసేశాను. రాత్రికి డొక్క కాస్త తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం, తెల్లారేసరికి రొప్పడం మొదలైంది, ముక్కు నుంచి నురగ, మేత ముట్టలేదు, మూడో రోజు చచ్చిపోయింది. కడుపులో రెండు పిల్లలున్నాయి.

తర్వాత ట్రైనింగ్‌లో డాక్టర్ గారు చూపించారు, మేకని నిలబెట్టే పట్టాలి, ముందు కాళ్ళు కాస్త ఎత్తులో ఉంటే ఇంకా మంచిది, తల వీపుకి సమానంగానే ఉండాలి, నాలుక పట్టుకోకూడదు, నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పోసి మింగే వరకూ ఆగాలి, దగ్గితే వెంటనే ఆపేసి తల కిందికి వదిలెయ్యాలి. నాలుక లాగి పడితే మింగలేదు, పోసిందంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంటే నా నూనె తప్పు కాదు, పట్టిన తీరు తప్పు. ఆ రోజు ట్రైనింగ్‌లో నేను ఏడ్చాను, నా పక్కన కూర్చున్న ఇద్దరు కూడా ఏడ్చారు, వాళ్ళూ అలాగే చంపుకున్నారు కాబట్టి. పది నిమిషాల్లో నేర్పే విషయం అది. ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు. చూపించే మనిషి కావాలి, అంతే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. పేదవాళ్ళకి జీవాల మీద ప్రేమ తక్కువై కాదు, కష్టపడక కాదు, చేతికి దగ్గర్లో తెలిసిన మనిషి లేక జీవాలు పోతున్నాయి. పశువుల జబ్బుల వల్ల ప్రపంచం మొత్తం మీద పశు ఉత్పత్తిలో కనీసం 20 శాతం నష్టమౌతోందని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చాలా ఏళ్ళుగా చెప్తూనే ఉంది. వంద జీవాలున్నవాడికి ఇరవై పోతే నష్టం, నాలుగున్నవాళ్ళకి రెండు పోతే మళ్ళీ లేవలేరు. వాళ్ళకి అదే బ్యాంకు, అదే పిల్లల ఫీజు, అదే ఆస్పత్రి ఖర్చు, పంట పోయిన ఏడాది అమ్ముకునేది కూడా అదే.

మరి మీరేం చేస్తున్నారంటే ఎక్కువగా జీవాలు పంచుతున్నారు. పంచొద్దని అనను, కానీ ఎలా పంచుతున్నారో ఒక్కసారి చూడండి. నేను కళ్ళారా చూసిన ఒక పంపిణీలో (ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం) ఎక్కడో సంతలో కొన్న మేకలని లారీలో కిక్కిరిసి ఎక్కించి రాత్రంతా ప్రయాణం చేయించి దించారు, మేత లేదు నీళ్ళు లేవు, కొన్నిటికి కళ్ళ వెంట ముక్కు వెంట నీళ్ళు కారుతున్నాయి, ఫోటోలు తీశారు, సంతకాలు పెట్టించుకున్నారు, అదే సాయంత్రం అవి పాత మందల్లో కలిసిపోయాయి. వారం పది రోజుల్లో జ్వరాలు, నోట్లో పుళ్ళు, పారుడు, ఒకటి తర్వాత ఒకటి. పథకంలో మేకలు తీసుకోని వాళ్ళ మేకలు కూడా పోయాయి, వాళ్ళకి ఏ పరిహారం వస్తుంది, ఏ లిస్టులో పేరుంది వాళ్ళకి? కొత్త జీవాలని కనీసం రెండు మూడు వారాలు వేరే కట్టి చూడాలని, కొనే ముందే టీకా వేయించి, రోగనిరోధక శక్తి వచ్చాకే కదిలించాలని పుస్తకాల్లో ఉంది, మీ పథకం పేపర్లలో కూడా ఉండే ఉంటుంది. కానీ ఆ మూడు వారాలు చూసే మనిషి ఎవరని ఎవరూ రాయలేదు.

టీకా క్యాంపుల సంగతి కూడా ఇలాగే ఉంది. క్యాంపు పదింటికి పెడతారు. జీవాలు మేతకి పోయేది తెల్లారగానే. పదింటికి ఊళ్ళో మిగిలేవి కుంటివి, నిన్న ఈనినవి, రెండ్రోజుల పిల్లలు. ఒకసారి మధ్యాహ్నం దాకా ఎదురుచూసి మందలు వెనక్కి వచ్చాక వేశారు, మంచిదే కదా అనుకుంటాం, కానీ పొద్దున కలిపిన మందు సీసా బల్ల మీద ఎండలోనే ఉంది. పారుడు రోగం టీకా బతికున్న వైరస్‌తో చేసిన టీకా, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కలిపాక ఐస్ మీదే పెట్టి త్వరత్వరగా వాడెయ్యాలి, టైం దాటితే పారెయ్యాలి. ఎండలో గంటలు గంటలున్నది సూదితో ఎక్కిస్తే నీళ్ళు ఎక్కించినట్టే. ఆ ఏడాది రోగం వచ్చింది, టీకా వేసినవి కూడా పడిపోయాయి, ఇక జనం ఏమంటారు, 'టీకా వేయిస్తేనే చస్తాయి' అన్నారు. ఆ మాట పోగొట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది, ఇంటింటికీ తిరిగి, ముందు నా జీవాలకి వాళ్ళ ముందే వేసి చూపించి, ఒక్కొక్కళ్ళని ఒప్పించాల్సొచ్చింది. ఒక పాడైపోయిన సీసా వల్ల మూడేళ్ళ నమ్మకం పోయింది సార్.

మీలో కొంతమంది అంటారు, చదువు తక్కువ ఉన్న ఊరి మనుషులకి సూదులిస్తే ఎలా అని. ఆ భయం నాకు అర్థమౌతుంది, కొంత నిజం కూడా, దాని గురించి కిందికి వస్తాను. కానీ ముందు ఆవులకి గేదెలకి వచ్చిన ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) కథ ఒక్కసారి గుర్తు చేసుకోండి, మాకు ట్రైనింగ్‌లో చెప్తే నేను తర్వాత దొరికినదల్లా చదివాను.

1761లో ఫ్రాన్స్‌లో లియాన్ ఊళ్ళో క్లాడ్ బూర్జెలా అనే ఆయన ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల పెట్టారంటే దాని వెనక పెద్ద కారణం ఈ ముసరే, యూరప్‌లో మందలకి మందలు ఊడ్చేస్తోంది అప్పుడు. 1890ల ప్రాంతంలో ఆఫ్రికాలో చాలా చోట్ల 80 నుంచి 90 శాతం పశువులు పోయాయి, దున్నడానికి ఎద్దుల్లేక, పాలు లేక, ఇథియోపియాలో మూడో వంతు జనం పోయారని అంచనా. 1960ల్లో వాల్టర్ ప్లౌరైట్ కెన్యాలో పనిచేస్తూ మంచి టీకా తయారుచేశారు, 1999లో ఆయనకి ప్రపంచ ఆహార బహుమతి కూడా వచ్చింది. అంత గొప్ప టీకా ఉన్నా రోగం పూర్తిగా పోలేదు, ఎందుకంటే చివరికి మిగిలిన చోట్లన్నీ రోడ్డు లేనివి, కరెంటు లేనివి, యుద్ధం జరుగుతున్నవి, డాక్టర్లు పోలేనివి. అప్పుడు రెండు మార్పులు కలిసొచ్చాయి. ఒకటి, జెఫ్రీ మారినర్ అనే డాక్టర్ వేడిని తట్టుకునే టీకా తయారుచేశారు, ఫ్రిజ్ లేకుండా నెల రోజుల దాకా పనికొచ్చేది. రెండోది, దక్షిణ సూడాన్‌లో, ఇథియోపియా అఫార్ ఎడారిలో ఆ పశువులు కాసేవాళ్ళలోంచే మనుషుల్ని ఎంచుకుని, నేర్పించి, వాళ్ళ చేతికే టీకా ఇచ్చారు. వాళ్ళు మందల వెంటే నడిచి వేశారు. మంద ఎక్కడుందో వాళ్ళకి తెలుసు, ఏ పశువుకి వేశారో ఏది మిగిలిందో తెలుసు, జనం వాళ్ళని నమ్ముతారు. 2001లో కెన్యాలో ఆఖరి కేసు కనపడింది, 2011లో ప్రపంచంలో ముసర లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు భూమి మీద లేకుండా చేసిన రెండో రోగం అది, పశువుల రోగాల్లో అయితే అదే మొదటిది. దాంట్లో చివరి మైలు నడిచింది చదువు తక్కువున్న పశుల కాపరులే, ఆ సంగతి నేను ఎక్కడికెళ్ళినా చెప్తాను.

ఇప్పుడు అదే జాతి వైరస్‌తో వచ్చే పారుడు రోగాన్ని, అదే పీపీఆర్‌ని, 2030 కల్లా లేకుండా చేస్తామని 2015లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో కూర్చుని చాలా దేశాలు అనుకున్నాయి. టైం దగ్గర పడింది. ఇది గొర్రెలకి మేకలకి వచ్చే రోగం, అంటే పేదవాళ్ళ జీవాలకి వచ్చే రోగం. మందల దగ్గరికి నడిచి వెళ్ళే మనిషిని తయారుచేయకుండా ఇది ఎలా పోతుందో నాకైతే తెలీదు.

ఇక ట్రైనింగ్ గురించి. ఏసీ హాల్లో రెండు రోజులు స్లైడ్లు చూపించి, ఒక సర్టిఫికెట్టు ఒక బ్యాగు ఇచ్చి పంపేది ట్రైనింగ్ కాదండి. నేను రెండు రకాలూ తీసుకున్నాను కాబట్టి చెప్తున్నా. నాకు పనికొచ్చింది పాకలో జరిగిందే, చేత్తో పట్టుకుని నేర్చుకున్నదే. ఒక్క ఉదాహరణ చెప్తాను. కడుపులో రక్తం తాగే నట్టలు గొర్రెలని మేకలని లోపల్నుంచి తినేస్తాయి, బయటికి ఏమీ కనపడదు, ఒకరోజు దవడ కింద నీరు దిగి పడిపోతుంది. దీనికి దక్షిణాఫ్రికాలో ఫమాచా అని ఒక కార్డు తయారుచేశారు, దాని మీద ఐదు రంగులుంటాయి, మంచి ఎరుపు నుంచి తెల్లగా పాలిపోయే దాకా. బొటనవేలితో కింది కనురెప్ప కిందికి లాగి, లోపలి పొర రంగుని వెలుతుర్లో కార్డుతో పోల్చాలి. ఒకటి రెండు అయితే మందు అక్కర్లేదు, నాలుగు ఐదు అయితే వెంటనే పట్టాలి, మూడు దగ్గర మంద పరిస్థితి చూసి తేల్చుకోవాలి. అక్షరం ముక్క రాని అవ్వ ఒకావిడ మా బ్యాచ్‌లో అందరికంటే ముందు నేర్చుకుంది, చివరికి కార్డు లేకుండానే చెప్పేసేది, డాక్టర్ గారు కార్డు పెట్టి చూస్తే పదికి తొమ్మిది కరెక్ట్. అలా అవసరమైన వాటికే మందు పడితే డబ్బు మిగులుతుంది, నట్టలు మందుకి అలవాటు పడిపోవడం కూడా ఆలస్యమౌతుంది. మీరేమో క్యాంపులో అన్నిటికీ ఒకే గ్లాసు కొలత, పెద్ద పోతుకీ అంతే చిన్న మేకకీ అంతే. బరువుకి తగ్గ డోసు పడకపోతే చచ్చే నట్టలు చచ్చి మొండివి మిగుల్తాయి, ఇంకో నాలుగేళ్ళకి ఆ మందు ఊళ్ళో పనిచేయదు.

ఇంకోటి, ట్రైనింగ్‌కి ఎక్కువగా పిలిచేది మగవాళ్ళని. పిల్లలకి ముర్రుపాలు పట్టేదెవరు, పొదుగు చూసేదెవరు, ఏ మేక ఇవాళ నెమరు వేయలేదో ముందు కనిపెట్టేదెవరు? ఆడవాళ్ళే. పుట్టిన పిల్లకి మొదటి కొన్ని గంటల్లో ముర్రుపాలు పడాలి, ఒకరోజు దాటితే ఆ పాలలో ఉన్న రక్షణ పేగుల్లోంచి ఒంటికి పట్టదు, బొడ్డుకి అయోడిన్ పెట్టాలి, ఇవి రెండూ చేస్తే చాలు ఎన్ని పిల్లలు బతుకుతాయో నేను లెక్క రాసి పెట్టుకున్నాను, అడిగితే నోటుబుక్కు తెచ్చి చూపిస్తాను. కానీ ట్రైనింగ్ పాలు పితికే టైంలో పెడతారు, మూడు రోజులు వేరే ఊళ్ళో ఉండాలంటారు, చంటిపిల్లలున్న తల్లి ఎలా వస్తుంది? కోళ్ళకైతే మరీను. కొక్కెర తెగులు ఒక్కసారి వస్తే ఊరంతా గూళ్ళు ఖాళీ. దానికి ఆస్ట్రేలియా వాళ్ళు పరిశోధన చేసి ఐ-2 అని వేడిని తట్టుకునే టీకా ఇచ్చారు, కంట్లో ఒక చుక్క, నాలుగు నెలలకోసారి. మొజాంబిక్‌లో, టాంజానియాలో ఊరి మనుషులే, అందులో ఆడవాళ్ళూ, ఇంటింటికీ తిరిగి చుక్కలేసి కొద్ది డబ్బు తీసుకుంటున్నారు. సూది కూడా అక్కర్లేని పని.

ఇప్పుడు ఊరి మనుషులకి సూదులిస్తే ఎలా అన్న ఆ భయం సంగతి. అవును, మాలో తప్పులు చేసేవాళ్ళున్నారు. ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ పొడిచేసేవాళ్ళు, ఒక్క రోజు వేసి ఆపేసేవాళ్ళు, మందు వేసిన పాలు ఎన్ని రోజులు వాడకూడదో చెప్పనివాళ్ళు. నాకు చాలా బాధేస్తుంది వాళ్ళని చూస్తే, వాళ్ళ వల్ల మందులు మొద్దుబారిపోతాయి, మనుషులకీ ముప్పే. కానీ దానికి మందు మమ్మల్ని తీసేయడం కాదు, మా వెనక ఒక డాక్టర్ని పెట్టడం. నాకు ఫోన్ ఎత్తే డాక్టర్ ఒకరున్నారు. ఒకరోజు మేతకి పోయిన ఆవు ఒక్కసారిగా పడి చచ్చిపోయింది, ముక్కులోంచి వెనక నుంచి నల్లటి రక్తం, గడ్డ కట్టట్లేదు, పొట్ట ఉబ్బిపోయింది. తోలు అయినా దక్కుతుందని కత్తులు తెచ్చుకున్నారు. నేను అడ్డంగా నిలబడ్డాను. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే శవాన్ని కొయ్యకూడదు, కోస్తే గాలి తగిలి ఆ క్రిమి గింజలా గట్టిపడి మట్టిలో దశాబ్దాలు ఉంటుంది, మనుషులకీ అంటుకుంటుంది. తిట్టారు, ఒకాయన నన్ను తోసేశాడు కూడా. ఫోన్ చేస్తే డాక్టర్ గారు స్పీకర్లో మాట్లాడారు, రెండు గంటల్లో వచ్చారు, చెవి దగ్గర రక్తం తీసి స్లైడ్ చూశారు, దొమ్మే. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్పించి మిగతా పశువులకి టీకాలు వేశారు. ఆ రోజు నేను ఒక్కదాన్నే అయితే ఆగేవాళ్ళు కాదు, డాక్టర్ గారు ఒక్కరే అయితే ఆయనకి కబురందే సరికి కోత అయిపోయేది. ఇద్దరం కావాలి సార్. 2024లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కూడా మాలాంటి కార్యకర్తలకి ఏమేం రావాలి, ఏం నేర్పాలి అని గైడ్‌లైన్స్ ఇచ్చింది. అవి డౌన్‌లోడ్ చేసుకుని, మేం ఏది చేయొచ్చో ఏది చేయకూడదో చట్టంలో రాసి, ప్రతి కార్యకర్త పేరు ఒక డాక్టర్ పేరుతో కలిపి రిజిస్టర్ చేయండి. అప్పుడు మా తప్పుకి మేం జవాబు చెప్తాం.

చివరిగా డబ్బు. ఇది మాట్లాడ్డానికి మొహమాటంగానే ఉంటుంది కానీ మాట్లాడాలి. ప్రాజెక్టు మూడేళ్ళుంటుంది, మూడేళ్ళు కిట్టు నిండుగా ఉంటుంది, మందులన్నీ ఫ్రీ. నాలుగో ఏడాది కిట్టులో తుప్పు పట్టిన కత్తెర, ఎక్స్‌పైరీ అయిన రెండు సీసాలు మిగుల్తాయి. ఫ్రీగా అలవాటైన జనం డబ్బిమ్మంటే ఇవ్వరు, నాతో ట్రైనింగ్ అయినవాళ్ళలో చాలామంది అలాగే మానేసి కూలికి పోయారు, మంచి చెయ్యి ఉన్నవాళ్ళు. పక్క ఊళ్ళో ఒకావిడ, అడ్డం తిరిగిన పిల్లని కూడా సరిచేసి తీసేది, ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. మొదటి రోజు నుంచే కొద్ది ఫీజు పెట్టండి, మరీ లేనివాళ్ళకి కూపన్ ఇచ్చి ఆ డబ్బు మాకు మీరు కట్టండి, కరువొచ్చినప్పుడూ వరదొచ్చినప్పుడూ కూడా బయటనుంచి ఫ్రీ మందుల లారీ తేవడం కాకుండా మా చేతుల మీదుగానే ఇవ్వండి. పశువుల ఆస్పత్రిలో గానీ మందుల షాపులో గానీ మా కోసం టీకా, అయోడిన్, నట్టల మందు ఎప్పుడూ స్టాక్ ఉండేలా చూడండి, ఐస్ బాక్స్ ఇవ్వండి, ఆ ఐస్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఏర్పాటు చేసి ఇవ్వండి. ఏడాదికోసారి మళ్ళీ పిలిచి నాలుగు రోజులు చేత్తో చేయించండి, మర్చిపోతాం. రోగం కబురు చెప్తే తిరిగి మాకు జవాబు రావాలి, శాంపిల్ తీసుకెళ్ళి ఏమైందో చెప్పకపోతే ఇంకోసారి ఎవరు చెప్తారు?

మీరు ఎన్ని జీవాలు పంచారో లెక్క రాస్తున్నారు. ఏడాది తర్వాత ఎన్ని బతికున్నాయో, ఎన్ని ఈనాయో, ఆ పిల్లలు ఎన్ని నిలబడ్డాయో ఆ కాలమ్ కూడా పక్కనే పెట్టండి. దాన్ని నింపిపెట్టడానికి మేం ఉన్నాం, మా నోటుబుక్కుల్లో ఆల్రెడీ ఉంది.

కొత్త పథకం రాసే ముందు ఒక్కసారి మా దగ్గరికి రండి, హాలు వద్దు, స్టేజీ వద్దు. కాకపోతే చీకటి ఉండగానే రావాలి, తెల్లారితే మందలు కదిలిపోతాయి.

ఇట్లు,
ఒక పశు ఆరోగ్య కార్యకర్త